తలుపు వేయమన్న మాట: 64 ఏళ్ళ వయసులో ఐరిష్ నేర్చుకున్న ఒకాయన కేసు

ఈ కేసు గురించి రాసుకోమని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు, ఆలస్యమంతా నాదే. తీరిక లేక కాదు. ఉన్నదున్నట్టు రాస్తే నేను చేసిన రెండు తప్పులు బయటపెట్టాలి, వాటిలో ఒకటి ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆయన పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు ఏవీ రాయడం లేదు, మిగతాదంతా నా నోట్సులో ఉన్నదే.

ముందు నా పని ఏంటో చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా, డబ్లిన్‌లో ఉంటాను. వచ్చిన కొత్తలో వలస వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేదాన్ని, ఇప్పుడు యాభై దాటాక కొత్త భాష మొదలుపెట్టేవాళ్ళకి ప్లాన్ వేసి, వారానికోసారి కూర్చుని, ఎక్కడ ఇరుక్కున్నారో చూసి దారి మారుస్తుంటాను. ఐరిష్ టీచర్ని కాదు. పిల్లల హోంవర్కు పుణ్యమా అని మొదలై, మేనూత్ యూనివర్సిటీ వాళ్ళు పెట్టే టీఈజీ అనే ఐరిష్ పరీక్షల్లో బీ1, అంటే మధ్య స్థాయి, దాకా వచ్చింది నా ఐరిష్, అంతే. అందుకే ఉచ్చారణకీ వ్యాకరణానికీ ఐర్లండ్ వాయవ్య మూలన ఉన్న డోనెగల్‌లో పుట్టి పెరిగిన ఒక టీచర్‌ని ఈ కేసులో మొదటి నుంచీ పక్కన పెట్టుకున్నాను.

ఐర్లండ్‌లో ఉంటానంటే మన చుట్టాల్లో సగం మంది "అక్కడ ఇంగ్లీషేగా" అంటారు. రోడ్డు మీద వినపడేది ఇంగ్లీషే, కాదనను. కానీ ఐరిష్ అంటే యాసతో మాట్లాడే ఇంగ్లీషు కాదు, అది కెల్టిక్ కుటుంబానికి చెందిన వేరే భాష, 1937 రాజ్యాంగం ప్రకారం దేశానికి మొదటి అధికార భాష. 2022 జనాభా లెక్కల్లో 18,73,997 మంది తమకి ఐరిష్ వచ్చని రాశారు, బడి బయట రోజూ మాట్లాడతామన్నవాళ్ళు మాత్రం 71,968 మంది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్ళే ఎక్కువగా నా దగ్గరికి వస్తారు. ఈయన ఆ లెక్కలో కూడా లేరు, ఎందుకంటే పుట్టింది, పెరిగింది, 31 ఏళ్ళు బస్సు నడిపింది అన్నీ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో.

ఎందుకొచ్చారు

2022 అక్టోబర్‌లో జూమ్‌లో మొదటిసారి మాట్లాడాం. వాళ్ళమ్మగారిది డోనెగల్ కౌంటీలో రాసెస్ అనే ప్రాంతం, పడమటి సముద్రపు ఒడ్డు, రాళ్ళ నేల, చిన్న చిన్న చెలకలు. డోనెగల్ నుంచి తరతరాలుగా జనం స్కాట్లాండ్‌కి బంగాళాదుంపలు తవ్వే సీజన్‌కి కూలికి వెళ్ళేవారు. ఆవిడా అలాగే పదిహేడేళ్ళకి వెళ్ళి, గ్లాస్గోలోనే పెళ్ళి చేసుకుని ఉండిపోయారు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో మాట్లాడింది ఐరిషే అయినా పిల్లలతో ఒక్క ముక్క మాట్లాడలేదు, చెల్లెలితో ఫోన్లో మాత్రం తలుపేసుకుని మాట్లాడేవారట.

ఎందుకలా అని ఈయన చాలా ఏళ్ళు అమ్మ మీద కోపంగా ఉన్నారు. నేనైతే ఆవిడని ఏమీ అనలేను. 1831లో మొదలైన ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మీడియం, ఐరిష్ మాట్లాడిన పిల్లాడి మెడలో కర్ర వేలాడదీసి, నోరు జారినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవాళ్ళు. తర్వాత 1845 నుంచి 1852 దాకా కరువు, పది లక్షల మంది దాకా చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. ఎక్కువ దెబ్బ తగిలింది ఐరిష్ మాట్లాడే పడమటి బీద పల్లెలకే. ఇంగ్లీషు వస్తేనే కూడు అన్నది ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఇంటింటికీ తెలిసిపోయింది. (కర్ర సంగతి చదివినప్పుడు నాకు 2009లో మైదుకూరు బడిలో పిల్లల మెడలో వేసిన "తెలుగులో మాట్లాడను" పలకలు గుర్తొచ్చాయి. మనం చదివి అయ్యో అనుకునేంత దూరపు కథేం కాదు.)

ఆవిడ 2019లో పోయారు, 93 ఏళ్ళు. చివరి రెండు వారాలు ఆస్పత్రిలో ఇంగ్లీషు పూర్తిగా వదిలేశారు. మతిమరుపు ముదిరినవాళ్ళలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి, మొదటి భాష మిగలడం నేను వేరే కుటుంబాల్లోనూ చూశాను. నర్సులకి అర్థం కాలేదు, కొడుక్కీ అర్థం కాలేదు. ఈయన ఏం చేశారంటే జేబులో ఉన్న బస్సు టైంటేబుల్ వెనక, వినపడినదాన్ని వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. మొత్తం ఏడు లైన్లు. మూడేళ్ళు పర్సులో పెట్టుకుని తిరిగిన ఆ కాగితాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించారు.

అప్పటికి ఆయన చేసినవి, మొదటి అంచనా

ఫోన్ యాప్‌లో రెండేళ్ళు ఒక్క రోజు కూడా తప్పకుండా చేశారు. సాయంత్రం క్లాసుల్లో మూడుసార్లు చేరి మూడుసార్లూ మానేశారు, ప్రతిసారీ దాదాపు ఒకే చోట. ఆ చోటేదో భాష తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: పదం మొదటి అక్షరం మారిపోయే దగ్గర. పిల్లిని కత్ అంటారు. "నా పిల్లి", "అతని పిల్లి" అనాలంటే ఖత్ అవుతుంది, "ఆమె పిల్లి" అంటే కత్ గానే ఉంటుంది, "వాళ్ళ పిల్లి" అంటే గత్ అయిపోతుంది. అతని, ఆమె, వాళ్ళ అనే మాట మూడింట్లోనూ ఒకటే, తేడా అంతా పిల్లి మొదటి అక్షరంలోనే. మొదటి రకం మార్పుని షేవూ అంటారు, రెండోదాన్ని ఉరూ. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్ళకి ఇది పిచ్చి పనిలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఉరూ మొదటిసారి చూసినప్పుడు ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు కళ్ళ ముందు కనపడ్డారు: తల్లి పక్కన తండ్రి చేరితే దండ్రి అవుతాడు, అన్న పక్కన తమ్ముడు చేరితే దమ్ముడు, గసడదవాదేశం. ఐరిష్‌లో కూడా అచ్చంగా క గ అవుతుంది, త ద అవుతుంది. కారణాలు వేరు, నోరు చేసే పని మాత్రం ఒకటే.

మనకి ఇలాంటి చుట్టరికాలు ఇంకా ఉన్నాయి, రాయకుండా ఉండలేను. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్నట్టే వాళ్ళూ పుస్తకం నా దగ్గర ఉందంటారు, ఇంగ్లీషులోలాగా "కలిగి ఉండటం" అనే క్రియ లేదు. మనుషుల్ని లెక్కపెట్టడానికి వేరే అంకెలు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అన్నట్టే బెర్చ్, త్రూర్, క్యాహ్రర్. "తిన్నావా" అంటే "తిన్నా" అని క్రియనే తిప్పి చెప్తాం చూడండి, వాళ్ళకి అదొక్కటే దారి, అవును కాదు అనే మాటలే లేవు. ఇంక త, ద లైతే మనలాగే నాలుక పళ్ళకి ఆనించి పలుకుతారు. ఒక్క మీరు మాత్రం లేదు, 64 ఏళ్ళ మనిషినీ 88 ఏళ్ళ మనిషినీ తూ అనే పిలవాలి, ఆ మాట నా నోట్లోంచి రావడానికి నాకు ఏడాది పట్టింది.

సరే, అంచనా. ఎవరొచ్చినా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను: చిన్నప్పుడు ఎంత విన్నారు, ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారు, ఈ భాష విషయంలో దేనికి సిగ్గుపడతారు. మొదటిదానికి ఆయన, తలుపు అవతల వినపడిన ఫోన్ మాటల రాగం తప్ప ఏమీ లేదన్నారు. మూడోదానికి, అక్క ముందు మాట్లాడటానికి అన్నారు. ఏడేళ్ళు పెద్దది, చిన్నప్పుడు రెండు వేసవులు డోనెగల్‌లో అమ్మమ్మ దగ్గర ఉండి వచ్చింది, యాప్‌లో నేర్చుకున్న వాక్యం ఒకటి చెప్తే విని "అమ్మ మాటలా లేదే" అని నవ్విందట. రెండోదానికి ఒకటే మాట చెప్పారు. "అమ్మతో."

ఆ జవాబు దగ్గర నేను ఆగాల్సింది. నోట్సులో రాసుకుని ముందుకెళ్ళిపోయాను.

కాగితం

రెండో వారం మా డోనెగల్ టీచర్‌ని కూర్చోబెట్టి ఏడు లైన్లూ ఆయన చేతే చదివించాం. ఐదు తెలిసిపోయాయి. ఒకటి నీళ్ళు అడగడం, ఒకటి ప్రార్థనలో ముక్క, రెండు చెల్లెలిని పిలవడం. అన్నిటికంటే ఎక్కువసార్లు అన్నదని ఆయన మూడుసార్లు గీత గీసిన లైను టీచర్ ఒక్కసారి వినగానే చెప్పింది: ద్రిజ్ అన్ దొరస్. తలుపు వెయ్యి.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అంతేనా" అన్నారు. వార్డు తలుపు ఎదురుగానే మంచం, మార్చి నెల, వచ్చే పోయే జనం. రెండు వారాలు ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆ వాక్యం ఆయనకి రెండేళ్ళ యాప్‌లో ఎందుకు దొరకలేదన్నది నా పనికి సంబంధించిన సంగతి. యాప్‌లో తలుపు వెయ్యి అనడానికి దూన్ అన్ దొరస్ అని ఉంటుంది, తప్పేం కాదు, దక్షిణాదిలో, పడమర కానమరా వైపు అలాగే అంటారు. డోనెగల్‌లో ద్రిజ్. ఐరిష్‌లో మూడు పెద్ద మాండలికాలున్నాయి, దక్షిణాన మన్‌స్టర్, పడమర కొనాక్ట్, ఉత్తరాన అల్‌స్టర్, డోనెగల్ ఈ మూడోదానిలోకి వస్తుంది. వీటన్నిటికీ మధ్యలో 1958లో ప్రభుత్వం అచ్చు వేసిన ప్రామాణిక రూపం ఒకటుంది, అది ఎవరి ఇంట్లోనూ పుట్టలేదు. "కూడా" అనడానికి డోనెగల్‌లో ఫొస్త, కొనాక్ట్‌లో ఫ్రెషిన్, మన్‌స్టర్‌లో లెష్. ఎలా ఉన్నావు అనడానికి మూడు చోట్లా మూడు వేర్వేరు వాక్యాలు, భాష పేరు కూడా ఒక్కోచోట ఒక్కోలా పలుకుతారు. మన దగ్గర "వచ్చిండు" అన్న పిల్లాడిని బడిలో "వచ్చాడు అనాలి" అని దిద్దితే వాడు ఇంటికెళ్ళి నాయనమ్మ మాట తప్పనుకుంటాడే, ఈయన సరిగ్గా అక్కడే ఉన్నారు. అక్క నవ్వింది తమ్ముడి ఐరిష్ బాగాలేదని కాదు, అది ఆ ఇంటి ఐరిష్ కాదని. ఈ ముక్క చెప్పాక ఆయన భుజాలు దిగడం కెమెరాలో కూడా కనపడింది.

అప్పటి నుంచి యాప్ మానిపించేశాను. చాలామంది కోచ్‌లు దీనికి ఒప్పుకోరు, ఏదైనా చెయ్యనీ అంటారు. కానీ వారసత్వం కోసం వచ్చినవాళ్ళకి మొదటి ఆరు నెలలు చెవిలో ఒకే మాండలికం పడాలన్నది నా పట్టుదల. మూడు మాండలికాల్లోనూ పదాన్ని పలికి వినిపించే ట్యాంగ్లన్ అనే ఉచిత నిఘంటువు సైటు ఉంది, అందులో అల్‌స్టర్ బటన్ తప్ప వేరేది నొక్కకూడదని రూలు పెట్టాను. రోజూ ఇరవై నిమిషాలు రేడియో, 1972లో మొదలైన రేడియో న గేల్‌తఖ్త, దానికి డోనెగల్‌లోనే ఒక స్టూడియో ఉంది.

ఏం వినాలన్నదానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది, మొదట విన్నవాళ్ళు నవ్వుతారు. చావు కబుర్లు వినమంటాను. ఆ రేడియోలో ఎవరు పోయారు, ఏ ఊరు, భౌతికకాయం ఎప్పుడు చర్చికి తీసుకెళ్తారు అని రోజూ చదువుతారు. వాక్యాలు మారవు, పేర్లూ ఊళ్ళూ మాత్రమే మారతాయి, ఎవరూ గబగబా చదవరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పేపరు తెరవగానే ఫొటోల పేజీ చూడరూ, ఆయనకీ నెల తిరిగేసరికి అదే అలవాటైంది. ఒకరోజు "మా అమ్మ ఇంటిపేరాయన పోయాడు" అని మెసేజ్ పెట్టారు, సంతోషంగా. తర్వాత సంతోషం ప్రకటించినందుకు క్షమాపణ ఇంకో మెసేజ్.

ఈ మధ్యలో 1911 జనాభా లెక్కలు చూశాం. ఐర్లండ్‌లో 1901, 1911 నాటి అసలు ఫారాలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా ఉన్నాయి, ఇంటింటికీ ఒక కాగితం, ఎవరికి ఐరిష్ వచ్చో చెప్పే గడి ఒకటి, చదవడం రాయడం వచ్చో లేదో చెప్పే గడి ఇంకోటి. పదకొండేళ్ళ అమ్మమ్మ పేరు పక్కన "ఐరిష్, ఇంగ్లీషు" అని ఉంది. ముత్తవ్వ పేరు పక్కన ఒక్క "ఐరిష్", చదువు గడిలో "చదవడం రాదు". మూడేళ్ళుగా పుస్తకాలతో కుస్తీ పడుతున్న మనిషి ఆ గడి వైపు చాలాసేపు చూశారు. (ఆవిడ వయసు 1901 ఫారంలో ఉన్నదానికీ దీనికీ పదేళ్ళు కాకుండా పధ్నాలుగేళ్ళు తేడా వచ్చింది. కంగారు పడక్కర్లేదు, 1909 నుంచి డెబ్బై దాటినవాళ్ళకి పింఛను ఇవ్వడం మొదలుపెట్టాక ఐర్లండ్‌లో చాలామంది ఒక్కసారిగా పెద్దవాళ్ళైపోయారు.)

అసలు మేం వెతికింది మోలీ కోసం. కాగితంలో తేలని రెండు లైన్లలో ఒకదాని మొదట్లో మోలీ అని ఉంది, తర్వాత ఏదో గొణుగుడు. మా టీచర్ కూడా మనిషి పేరేమో అంది. అక్కగారైతే అమ్మకి ఎవరో చిన్ననాటి స్నేహితురాలు ఉండేదని, పోయేముందు ఆమెనే తలుచుకుందని పెద్ద కథే అల్లేసింది. ఆ ఫారంలోగానీ, చుట్టుపక్కల ఇళ్ళ ఫారాల్లోగానీ మోలీ అన్న పేరు లేదు.

మొదటి తప్పు

వాళ్ళమ్మకి పినతల్లి కూతురు ఒకావిడ, మన లెక్కలో ఈయనకి పిన్ని వరస, 88 ఏళ్ళు, రాసెస్‌లో ఇప్పటికీ ఆ పాత ఇంటి పక్కనే ఉంటారు. వాళ్ళమ్మ పెరిగింది అమ్మమ్మ పుట్టింట్లోనే, తాతగారు ఇల్లరికం వచ్చారు. ఐరిష్‌లో దానికి క్లీవన్ ఇష్ట్యాఖ్ అని మాట ఉంది, లోపలికొచ్చిన అల్లుడు అని.

నాలుగో నెలలో, 2023 ఫిబ్రవరిలో, ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళమని నేనే తొందరపెట్టాను. పది నిమిషాల మాటలు తయారుచేసి, బట్టీ పట్టించి పంపాను. గ్లాస్గో నుంచి డోనెగల్‌కి బస్సులున్నాయి, పడవెక్కించి తీసుకెళ్తాయి, జీవితమంతా బస్సు నడిపిన మనిషి ఆ రోజంతా వెనక సీట్లో కూర్చుని పాఠం చదువుకున్నారట. లోపలికెళ్ళి మొదటి వాక్యం చెప్పారు. ఆవిడ ఆప్యాయంగా చేతులు పట్టుకుని ఇంగ్లీషులో జవాబు చెప్పారు. రెండోది చెప్పారు, ఇంగ్లీషులోనే జవాబు. మూడోది చెప్పలేదు.

ఆవిడ తప్పేం లేదు. అతిథి తడబడుతుంటే అతనికి సులువైన భాషలోకి మారడం అక్కడ మర్యాద, గేల్‌తఖ్త్ అని పిలిచే ఐరిష్ మాట్లాడే ఊళ్ళలో ఇది ప్రతి విద్యార్థికీ అనుభవమే. ఇది నాకు తెలుసు. తెలిసీ హెచ్చరించలేదు, ఎందుకంటే పెద్దావిడ కళ్ళు చెమర్చడం, ఈయన మాట్లాడేయడం, నా తలలో ఒక సినిమా నడుస్తోంది. వెనక్కి వచ్చి ఆరు వారాలు సెషన్లు మానేశారు. ఫోన్ చేస్తే, "నేను మాట్లాడాలనుకున్న మనిషి పోయింది, ఉన్న మనిషికి నా ఐరిష్ అక్కర్లేదు" అన్నారు.

అప్పుడు అక్టోబర్ నోట్సు తీసి చూశాను. "అమ్మతో." పోయినవాళ్ళతో మాట్లాడటానికి భాష నేర్చుకోవాలని చాలామంది వస్తారు, ఆ కోరికని నేను చిన్నచూపు చూడను, మొదటి అడుగు వేయించేది అదే. కానీ ఆ జవాబుతో పాఠం నడవదు. బతికున్న మనిషి ఎవరో ఒకరికి మన నోటి నుంచి ఆ భాషే కావాల్సిన పని ఒకటి ఉండాలి. మర్యాద కోసం కాదు, సాధన కోసం కాదు. అది లేకుండా ఇంకే పాఠం చెప్పినా ఆయన మళ్ళీ అక్కడికే వచ్చి ఆగుతారనిపించింది.

రెండో తప్పు

ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టాక ఇంకోటి బయటపడింది. ఏకవచనం, బహువచనం ఎన్నిసార్లు చెప్పినా కలిపేస్తున్నారు, ఆరు నెలలుగా నేను వయసు, జ్ఞాపకం అనుకుని కార్డులు రాయిస్తూ వచ్చాను. ఐరిష్‌లో ప్రతి హల్లుకీ రెండు రకాలు, లావుది, సన్నది. పడవ బాద్, పడవలు బాజ్. తేడా అంతా చివరి హల్లులోనే. ఒక రోజు నా వైపు కెమెరా ఆగిపోయింది, గొంతు మాత్రమే వెళ్తోంది, ఆ పది నిమిషాల్లో ఆయన దాదాపు అన్నీ తప్పు చెప్పారు. కెమెరా వచ్చింది, సగం సరైపోయాయి. అంటే ఇన్నాళ్ళూ నా పెదాలు చూసి చెప్తున్నారు.

నోటికి అడ్డం కాగితం పెట్టుకుని ఇరవై జతలు చదివాను. నాణెం ఎగరేసినట్టే వచ్చాయి జవాబులు. వయసుతో వచ్చే చెవుడు ముందు పై స్థాయి శబ్దాలని, అంటే స, ష, జ లాంటి వాటిని తినేస్తుంది. ఇంగ్లీషులో అలవాటు కొద్దీ ఊహించుకుని లాగించేస్తాం, కొత్త భాషలో ఊహించడానికి ఏముంటుంది? పరీక్ష చేయించుకుంటే ఎడమ చెవిలో బాగానే తగ్గిందని తేలింది. రెండు నెలలకి మెషిన్లు వచ్చాయి. మొదటి రోజు ఫోన్ చేసి, టీ కప్పులో చెంచా తిప్పుతుంటే ఇంత గోల ఎందుకని అడిగారు.

అరవై దాటినవాళ్ళెవరొచ్చినా ఇప్పుడు నేను ముందు చెవుల సంగతి అడుగుతాను. మొదటి వారంలో చేయాల్సిన పని ఏడో నెలలో చేశాను, దానికి ఆయన దగ్గర డబ్బు కూడా తీసుకున్నాను.

పొలాల పేర్లు

పిన్నిగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి, కానీ మాట్లాడటానికి కాదు, పని మీద. ఏం పని? ఇక్కడ నాకు సాయం చేసింది మా ఊరు. మా తాత చేలకి ఊటచెరువు కింది చేను, పుట్టల చేను, తుమ్మమాను చేను అని పేర్లుండేవి. సర్వే నంబర్లు ఉంటాయి, అవి ఎవరికీ గుర్తుండవు, ఆ పేర్లకి ఇంగ్లీషు లేదు, అవసరమూ లేదు. ఐర్లండ్‌లో 60,000కు పైగా టౌన్‌ల్యాండ్‌లు, అంటే పేరున్న చిన్న చిన్న భూభాగాలు, ఉన్నాయి, 1820ల నుంచి ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ మ్యాపుల శాఖవాళ్ళు వాటి ఐరిష్ పేర్లని ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చి మ్యాపులకెక్కించారు. అంతకంటే చిన్నవి, చెలకలు, బండలు, ఊటలు, ఒడ్డున పడవ దిగే చోట్లు, చాలావరకు మ్యాపు దాకా రాలేదు. అవి ఐరిష్‌లోనే ఉంటాయి, ముసలివాళ్ళ నోళ్ళలో ఉంటాయి. ఆవిడ ఇంగ్లీషులోకి మారాలన్నా మారలేని విషయం అదొక్కటే అనిపించింది.

జులైలో ముందు గ్లెన్‌కొలమ్‌కిల్‌లో ఒక వారం ఉన్నారు, 1984 నుంచి అక్కడ ఇజస్ గేల్ అనే సంస్థ పెద్దవాళ్ళకి కోర్సులు నడుపుతోంది, అదీ డోనెగలే. అక్కడి నుంచి నేరుగా రాసెస్ వెళ్ళారు. ఈసారి బట్టీ పట్టిన మాటలు లేవు. ఇంటి చుట్టుపక్కల పాత మ్యాపు పెద్దగా ప్రింట్ తీసింది ఒకటి, పెన్సిలు, నాలుగు ప్రశ్నలు: దీని పేరేంటి, ఎందుకా పేరు, ఇక్కడ ఏం పండేది, మళ్ళీ చెప్పండి. నాలుగోదే ముఖ్యం.

ఆవిడ మొదట ఇంగ్లీషులోనే మొదలుపెట్టారట. మూడో చెలక దగ్గరికి వచ్చేసరికి పేరు ఐరిష్, పేరు వెనక కథ ఐరిష్, ఎవరి ఆవు ఎక్కడ బురదలో దిగబడిందో అదీ ఐరిష్. ఈయనకి సగం అర్థమైంది, సగం రికార్డ్ చేసుకున్నారు. "మళ్ళీ చెప్పండి" అంటే ఆవిడ విసుక్కోలేదు, తప్పు రాస్తున్నాడని పెన్సిలు లాక్కుని కొట్టేశారు. ఆవిడకి ఐరిష్ రాయడం అంతగా రాదు, కానీ తప్పు వినపడుతుంది కదా. మొదటి రోజు పదకొండు పేర్లు, నాలుగు రోజుల్లో 31.

పంతొమ్మిదో పేరు ఇంటి వెనక వాలు. దిగువన బావి ఉందట, ఇప్పుడు పూడిపోయింది. ఆవిడ చెప్పారు: మలీ అన్ తొబిర్. డోనెగల్ వైపు గుట్ట వాలుని మలీ అంటారు. బావి వాలు.

ఆయన పర్సులోంచి టైంటేబుల్ తీశారు. మోలీ మనిషి కాదు.

నీళ్ళకి రోజూ ఆ వాలు దిగి వెళ్ళేది పిల్లలే అని, వాళ్ళమ్మకి అక్కడ ఒకసారి జారి చెయ్యి విరిగిందని పిన్నిగారు చెప్పారు. ఆ రికార్డింగ్ నా దగ్గర ఉంది, తర్వాత నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు, గోడ గడియారం వినపడుతుంది. తర్వాత ఆవిడ ఏదో అంటే ఈయన లేచి వెళ్ళి తలుపు వేస్తారు.

ఎంత వచ్చింది

2023 డిసెంబర్‌లో ఈ కేసు మూశాను, 14 నెలలు. లెక్క చెప్పాలంటే: పిన్నిగారితో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఇంగ్లీషులోకి జారకుండా ఉండగలరు, విషయం పొలాలు, పశువులు, ఎవరు పోయారు అయితే. రేడియో కబుర్లు ముప్పావు వంతు అర్థమవుతాయి. ఐరిష్ టీవీ ఛానెల్ టీజీ4లో వార్తలు అర్థం కావు. షష్ఠీ విభక్తి ఇంకా తప్పే. టీఈజీలో బీ1 కంటే ఒక మెట్టు కిందిదైన ఏ2 పరీక్ష రాయమన్నాను, పిన్ని నాకు మార్కులు వేస్తోంది చాలు అన్నారు. నేను ఒత్తిడి చేయలేదు, పరీక్ష కొంతమందికి కర్ర ఊతం, కొంతమందికి మెడలో కర్ర.

కాగితంలో ఏడో లైను ఇప్పటికీ తేలలేదు. పిన్నిగారికి వినిపించాం, తల అడ్డంగా ఊపారు. ఆయన సరిగ్గా విని ఉండకపోవచ్చు, చెవులు అప్పటికే అలా ఉన్నాయి.

సెషన్లు అయిపోయిన రెండు వారాలకి అక్కగారు ఫోన్ చేశారు. తమ్ముడు క్రిస్మస్‌కి వచ్చి మ్యాపు పరిచాడట, అందులో ఒక బండ పేరు తప్పు రాశాడని, అది తనకి బాగా గుర్తని, ఆ బండ మీద బట్టలు ఆరేసేవాళ్ళమని, పిన్ని కూడా మర్చిపోయిందని ఇరవై నిమిషాలు చెప్పారు. తర్వాత, తనకి కూడా ఒక టైం దొరుకుతుందా అని అడిగారు. 71 ఏళ్ళు. వినికిడి పరీక్ష చేయించుకుని ఫోన్ చేయమన్నాను.